లేటుకు కారణం

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయిలు మదనపల్లెలో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. కాఫీ తాగి, పెరట్లో జామకాయలు కోసుకుని, పోయేముందు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" వాళ్లు ఎదురుచూసేది ఏదో సాహసగాథ. కవలలు, ఎదురుకాళ్ల కాన్పు, బయట కుండపోత వాన, లాంతరు వెలుగులో నేను రెండు ప్రాణాలు నిలబెట్టడం. అట్లాంటివి ఒకటీ అరా లేకపోలేదు. కానీ నేను చెప్పేది ఒక నోటుబుక్కు సంగతి. అందులో నా గొప్ప ఏమీ లేదు కాబట్టి వాళ్ల ముఖాలు కొంచెం చిన్నబోతాయి. అయినా వినిపించి పంపుతాను. కడుపుతో ఉన్నవాళ్లూ, వాళ్ల మొగుళ్లూ చదివినా నష్టం లేదు. అసలు ఇది ఒక మొగుడు సంపాదించిన జ్ఞానం వల్లే జరిగింది.

ముందు కుప్పం గురించి రెండు మాటలు చెప్పాలి. తొంభైల మొదట్లో నా తొలి పోస్టింగు ఆ వైపే. ట్రైనింగులో నేర్చుకున్న భాష నాలుక చివర ఉండేది. నెల తిరక్కుండానే గర్భిణులను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "గర్భాశయ ముఖద్వారము క్రమేణా వ్యాకోచించును" అని మొదలుపెట్టి అరగంట దంచాను. అంతా శ్రద్ధగా విన్నారు. ఆఖర్న ఒకామె లేచి, "అమ్మా, ఇదంతా నాకొక్కదానికే అయితాదా, ఊర్లో అందరికీనా?" అని భయంభయంగా అడిగింది.

అక్కడ మా కేంద్రంలో ఒక ఆయా ఉండేది. రామకుప్పం వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడింది. ఆమె నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది. "సేలో ఏనుగులు పడినాయనుకో. గజరాజులు విచ్చేసినారు అని సెప్తే ఎవురన్నా పరిగెత్తుతారా అమ్మా? ఏనుగులొచ్చె అనల్ల."

మరుసటి వారం పాఠం ఆమే చెప్పింది. ఒక తాడుకు వరుసగా ఒక ఉంగరం, ఒక పసిబిడ్డ గాజు, తన చేతి గాజు, మొగవాళ్ల కడియం కట్టుకొచ్చింది. "బిడ్డ బయటికొచ్చే ముందర గర్భసంచి నోరు తెరుసుకుంటాది. మొదుట్లో ఉంగరమంత. ఆపైన బిడ్డ గాజంత. ఆపైన నా గాజంత. ఆపైన కడియం. ఆకర్న సంగటి ముద్దంత. ముద్దంత అయ్యేదాకా ముక్కగూడదు." అంతే. డాక్టర్ల లెక్కలో పది సెంటీమీటర్లు అనే దాన్ని ఆమె సంగటి ముద్దతో తేల్చేసింది. నాకు కొంచెం కడుపుమంట కలిగిన మాట నిజమే. అయినా బదిలీ అయి పుంగనూరు వచ్చేటప్పుడు ఆ తాడు అడిగి తెచ్చుకున్నాను.

పుంగనూరు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అప్పుడే చేరిన కుర్ర డాక్టరు ఉండేవాడు. మంచివాడే గానీ అన్నం ముందు కూర్చున్నప్పుడే కేసులు వస్తాయని ఆయన ఫిర్యాదు. వచ్చినవాటిలో సగం ఉత్త నొప్పులు. బిడ్డ కొంచెం కదిలినా, కడుపు కాస్త బిగిసినా ఆటో కట్టించుకుని వచ్చేవాళ్లు. "సిస్టర్, దొంగ నొప్పులంటే ఏమిటో వీళ్లకు చెప్పండి. మొగవాళ్లను కూడా కూర్చోబెట్టండి. ఆటో తెచ్చేది వాళ్లే కదా" అని పురమాయించాడు.

అట్లా ప్రతి గురువారం నా క్లాసు మొదలైంది. ఆడవాళ్లు ముందు చాప మీద కూర్చునేవాళ్లు. మొగవాళ్లు గుమ్మం దగ్గర, చెప్పులు విడవకుండా, ఏ క్షణాన్నయినా పారిపోయేలా నిలబడేవాళ్లు. నేను తాడు ఊపుతూ చెప్పుకుపోయేదాన్ని. ఉమ్మనీరంటే బిడ్డ చుట్టూ ఉండే నీళ్లు, అవి పోతే నొప్పులు లేకపోయినా వచ్చేయాలి. మాయ అంటే బిడ్డకు లోపల అన్నం పెట్టే ముద్ద, బిడ్డ తర్వాత అదీ పూర్తిగా పడాలి. కార్డు మీద వేసిన తేదీ మేం వేసిన అంచనా, ముందూ వెనకా రెండు వారాలు కావచ్చు. ఆఖర్న దొంగ నొప్పుల దగ్గరికి వచ్చి గొంతు పెంచేదాన్ని. "ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా, లేచి నడిస్తే తగ్గిపోతే అవి దొంగవి. లెక్కగా వస్తూ, దగ్గర దగ్గరగా వస్తూ, నడిస్తే ఇంకా ఎక్కువైతే అవి నిజమైనవి. నిమిషంలో తేలే పని కాదు ఇది. కడుపు మీద చెయ్యి వేసి అరగంటైనా చూడాలి."

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

గుమ్మం దగ్గరి గుంపులో ఒక్కడే లోపలికి వచ్చి కూర్చుని రాసుకునేవాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఉండేవాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పుంగనూరు బస్టాండులో ప్రైవేటు బస్సులకు టైమ్ కీపరు అతను. ఒక్కో బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని గీతలు గీసిన పుస్తకంలో ఎక్కించడం అతని పని. రాక ఒక గడి, పోక ఒక గడి. అక్కడితో ఆగిపోయే బస్సుకు పోక గడిలో అడ్డగీత. ఆఖరి గడి పేరు లేటుకు కారణం. ఆ గడి మాత్రం అతను రాసేవాడు కాదు. ఆలస్యమైన డ్రైవరే దిగివచ్చి, ఎర్ర పెన్నుతో కారణం రాసి సంతకం చేయాలి. చేశాక ఇతను పక్కన టైము వేసి, "రేపన్నా టైముకు రా అప్పా" అని పంపించేవాడు. నేను మదనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని కాబట్టి ఈ తంతు చాలాసార్లు చూశాను. పెద్ద పెద్ద మీసాల డ్రైవర్లు కూడా బడిపిల్లల్లా వంగి సంతకం చేసేవాళ్లు.

క్లాసులో అతని ప్రశ్నలు కూడా బస్టాండు ప్రశ్నలే. "అమ్మా, కార్డు మింద తేదీకి రెండు వారాలు ముందరా వెనకా అంటిరి గదా. అంటే లేటయినా రైటేనా?" రైటే అన్నాను. ఎంతో ఊరటగా రాసుకున్నాడు. మిగతా మొగవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

అతను ఎందుకు అంత శ్రద్ధగా రాసుకుంటాడో నాకు తెలుసు. రెండేళ్ల కిందట భార్యకు ఆరో నెలలో నొప్పి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు గ్యాసు అన్నారు, వాము నీళ్లు తాగించారు. ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఎప్పుడు మొదలైందని అక్కడి డాక్టరు అడిగితే ఇతను సమాధానం చెప్పలేకపోయాడట. ఊరి బస్సులన్నిటి టైమూ చెప్పగలిగినవాడు భార్య నొప్పి టైము చెప్పలేకపోయాడు. ఆ సంగతి ఒకసారి నాతో చెప్పి, "ఈ తూరి అట్ల కానీనమ్మా" అన్నాడు.

ఈసారి తొమ్మిదో నెల రాగానే దంపతులిద్దరూ పది రోజుల్లో మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ నేను పద్ధతి ప్రకారం కూర్చోబెట్టాను, నడిపించాను, అరగంటకు పైగా కడుపు మీద చెయ్యి వేసి చూశాను. మూడుసార్లూ దొంగ నొప్పులే. మూడుసార్లూ నా మాటే నెగ్గింది. మనిషికి వరుసగా మూడుసార్లు నెగ్గడం అంత మంచిది కాదు. మూడోసారి పోయేటప్పుడు, "ఇంకోసారి బిడ్డే తలుపు కొట్టి పిలిస్తే రండప్పా" అన్నాను. గదిలో అందరూ ఫక్కున నవ్వారు. ఆ అమ్మాయి కూడా తల వంచుకుని నవ్వింది. అతను మాత్రం ఆ మాట కూడా రాసుకోవాలా వద్దా అన్నట్టు పెన్ను పట్టుకుని చూశాడు.

నాలుగోసారి వాళ్లు వచ్చిన రోజు నెలాఖరు. డాక్టరు చిత్తూరులో మీటింగుకు పోయాడు. నేను టీకాల రిపోర్టులో ఒక మొత్తం కలవక తల పట్టుకుని ఉన్నాను. మూడుంముప్పావుకు మదనపల్లె బస్సు. అది తప్పితే మళ్లీ దాదాపు రెండు గంటలు చూడాలి, ఆ బస్సులో కిటికీ సీటు కాదు గదా నిలబడే చోటు కూడా దొరకదు. మూడుగంటలకు ముగ్గురు లోపలికి వచ్చారు. మూడో మనిషి అమ్మాయి తల్లి. తంబళ్లపల్లె దగ్గరి పల్లె నుంచి కూతుర్ని పురిటికి తీసుకుపోవడానికి వచ్చింది. చేతిలో రెండు సంచులు, ముఖంలో గట్టి నమ్మకం.

"అమ్మా, తెల్లారుజామున నుంచీ వస్తాండాయి. అంతా రాసినా. ఒక్కసారి సూడండి" అని అతను నోటుబుక్కు చాపాడు.

"నీ పుస్తకం నాకెందుకప్పా. కడుపు చూస్తే చాలదా?" అన్నాను.

అమ్మాయిని పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉంది. నా కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి. ఒక్క నిమిషం చూశాను. నొప్పి రాలేదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఖాళీలో చెయ్యి పెడితే ఎవరి కడుపైనా మెత్తగానే ఉంటుందని నేనే పదిమందికి పాఠం చెప్పినదాన్ని. బిడ్డ గుండె విన్నాను, బాగానే ఉంది. లోపల పరీక్ష చేయలేదు. లేచి చేతులు కడుక్కున్నాను.

"దొంగ నొప్పులే. ఇంకా టైముంది."

"అమ్మా, నడిస్తే ఎక్కువైతాండాదని రాసినా..."

"రాసుకునేది నువ్వు, చెప్పేది నేను" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అతను పుస్తకం మూశాడు. అతని అత్త ముఖం విప్పారింది. "అట్లయితే ఈ పొద్దే పిల్సకపోతా నాయనా. దినం బాగుండాది. నర్సమ్మ సెప్పినాక ఇంగేముండాది?" అంది. హాయిగా తీసుకుపొమ్మని చెప్పి నేను రిపోర్టులో మళ్లీ తలదూర్చాను. ఆ మొత్తం కలిసింది కూడా. అప్పుడు ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బస్టాండుకు పోయి కిటికీ సీటు పట్టాను. చల్లగాలి తగులుతుందని కొంగు సర్దుకుంటుంటే ఆ ముగ్గురూ అదే బస్సు ఎక్కారు. తంబళ్లపల్లెకు మదనపల్లెలోనే కదా మారాలి. తల్లీకూతుళ్లు సరిగ్గా నా వెనక సీట్లో కూర్చున్నారు. అతను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు అతన్ని చూసి, "ఏందప్పా, సెలవు పెట్టి గూడా టైము రాస్తాండావే? మా బండినేనా?" అని ఎగతాళి చేశాడు. "మీది కాదులే" అన్నాడతను.

బస్సు ఊరు దాటింది. వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. వెంటనే తల్లి గొంతు. "ఏమీ లేదు లేమ్మా. అది దొంగ నొప్పి. నర్సమ్మ సెప్పల్యా?"

నేను కిటికీలోంచి టమాటా తోటలు చూస్తున్నాను. కొంత దూరం పోయాక మళ్లీ మూలుగు, ఈసారి కొంచెం పెద్దగా. "ఓర్సుకోమ్మా. నర్సమ్మ కడుపు పట్టి సూసినాది గదా. దొంగదే." ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి, నర్సమ్మ ఎవరబ్బా అని నన్ను చూశారు. నా చెవులు వేడెక్కాయి. టమాటా తోటలు అయిపోయాయి, అయినా బయటికే చూస్తున్నాను.

మూడోసారి ఆ అమ్మాయి నా సీటు వెనక కమ్మీని పట్టుకుంది. ఆ పట్టుకు నా సీటు కదిలింది. "అమ్మా, ఓర్సుకోలేనే!" అని అరిచింది. తల్లి మాత్రం చలించలేదు. "దొంగ నొప్పికే ఇట్లంటే నిజం నొప్పికి ఏమంటావే? నర్సమ్మ ముందరనే ఉండాది, ఇనిపిస్తాది, నవ్వుతాది."

నేను నవ్వలేదు. లేచి వెనక్కి తిరిగాను. ఆ పిల్ల ముఖమంతా చెమట, పై పెదవి తెల్లబడి ఉంది. ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. పరీక్షే అవసరం లేదు.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వప్పా" అన్నాను.

ఇచ్చాడు. బస్టాండు పుస్తకంలాగే గీతలు గీసి ఉన్నాయి. రాక, పోక, వివరం. తెల్లవారుజామున అయిదుంబావుకు మొదటి నొప్పి వచ్చింది, అయిదుంబావు దాటి అర నిమిషానికి పోయింది. అక్కడి నుంచి పేజీ నిండా. ఇరవై నిమిషాలకు ఒకటి, పన్నెండుకు ఒకటి, మధ్యాహ్నం నుంచి ఎనిమిదికి ఒకటి. ఇప్పుడు అయిదుకు ఒకటి. ప్రతి నొప్పీ ముందుదానికన్నా ఎక్కువసేపు ఉంది. వివరం గడిలో, "కూర్చుంటే తగ్గలేదు. నడిపిస్తిని, ఎక్కువాయె" అని ఉంది. ఆ పేజీ తిప్పితే ముందు పేజీలో పైన గీత గీసి, "నర్సమ్మ చెప్పినవి" అని రాసుకున్నాడు. కింద నా మాటలే, ఒక్కటి పొల్లుపోకుండా ఉన్నాయి. "నిమిషంలో తేలే పని కాదు. చెయ్యి వేసి అరగంటైనా చూడవలెను." ఆ వాక్యం కింద ఎర్ర గీత కూడా కొట్టాడు.

అంతకుముందు వందల కాన్పులు చూశాను. కానీ రెండేళ్ల కిందట ఒక బిడ్డను పోగొట్టుకున్న పిల్లను ఒక్క నిమిషం చూసి నేనే బస్సెక్కించాను. సెల్‌ఫోన్లు లేవు, పిలిస్తే వచ్చే అంబులెన్సులూ అప్పటికి లేవు. ఉన్నది ఈ బస్సు, ఈ రోడ్డు.

అంతలో సీటు కింద నీళ్లు పారాయి. "ఉమ్మనీరు, నాలుగూ ఎనిమిది" అన్నాడతను, గడియారం చూసి. అతని చెయ్యి రాస్తూనే ఉంది. తల్లి నన్ను చూసి, "ఇవి గూడా దొంగ నీళ్లేనా నర్సమ్మా?" అని అడిగింది. పాపం, ఎగతాళికి కాదు. ఇంకా నమ్మకం పోలేదు ఆమెకు.

"కాదమ్మా. నాదే తప్పు. ఇవి నిజం నొప్పులు. పొద్దుటినుంచీ నిజమే" అన్నాను. బస్సంతా విన్నది.

ఆ తర్వాత జరిగిందంతా చాలా వేగంగా జరిగింది. మొగవాళ్లందరినీ ముందుకు తోలాను. తల్లి సంచిలోంచి కొత్త చీర తీసి కమ్మీకి కట్టి తెర చేశాం. నా బ్యాగులో గ్లవుజులు, సబ్బు, పల్లెల్లో పంచడానికి తెచ్చుకున్న కాన్పు కిట్టు ఉన్నాయి. ఎవరిదో నీళ్ల క్యాను తీసుకుని చేతులు కడుక్కుని పరీక్ష చేశాను. తల కిందికే ఉంది, బాగా దిగింది.

"ఎంతమ్మా?" అని తెర అవతలి నుంచి టైమ్ కీపరు అడిగాడు.

"కడియం."

"కడియం!" అని అతను డ్రైవరుకు కేక వేశాడు. "ఇంగ మిగిలింది సంగటి ముద్దే అప్పా, తొక్కు!"

డ్రైవరుకు కడియమంటే ఏమిటో, ముద్దంటే ఏమిటో తెలియదు. అయినా తొక్కాడు. కండక్టరు ఇక మదనపల్లె దాకా ఎక్కడా ఆపేది లేదని ప్రకటించాడు. వేరుశనగ చెక్క బస్తా పెట్టుకున్న ఒక పెద్దాయన గోల పెట్టాడు. "ఒరే, మావూరొచ్చె! మావూరు దాటిపాయె!"

"నీ ఊరు యాడికీ పోదులే పెద్దాయనా. మళ్లా వచ్చేటప్పుడు దించుతాం. ఈడ కాన్పయితాండాది" అన్నాడు కండక్టరు.

"అయితే అయితాది గానీ, నా బస్తా మింద కూసున్నోడు ఎవురురా?" అన్నాడు పెద్దాయన.

తెర ఇవతల ఆ పిల్లకు ముక్కాలనిపిస్తోంది. ముద్దంత తెరుచుకోకముందే ముక్కితే ప్రమాదం. "ముక్కొద్దు తల్లీ. నోరు తెరిచి ఊదు. కాలే సంగటి నోట్లో పెట్టుకునే ముందు ఊదుతావే, అట్లా ఊదు" అన్నాను. ఆమె ఊదింది. పక్కన తల్లీ ఊదింది. తెర అవతల టైమ్ కీపరు ఊదడం వినిపించింది. కాసేపటికి ముందు సీట్లలో మొగవాళ్లు కూడా ఊదుతున్నారని తెలిసింది. ఎందుకు ఊదుతున్నారో వాళ్లకే తెలియాలి.

ఆ రోడ్డు మీద ప్రతి గతుకూ టైమ్ కీపరుకు తెలుసు. "ఇంగ రెండు గతుకులుండాయి, మెల్లగా. ఆపైన మలుపు. ఆపైన నేరుగా పో" అని డ్రైవరుకు ముందే చెబుతూ వచ్చాడు. మధ్యలో ప్రతి నొప్పికీ టైము గట్టిగా చదివాడు. నాలుగు నిమిషాలు. మూడు. నేను ఒక చెయ్యి కడుపు మీద పెట్టి, తీయకుండా, మదనపల్లె దాకా అట్లాగే కూర్చున్నాను. మూడుగంటలకు చేయాల్సిన పని నాలుగున్నరకు చేశాను.

బస్సు బస్టాండుకు పోలేదు. నేరుగా ఆస్పత్రి గేటులోకి దూరింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "ఇది బస్టాండు కాదప్పా, బండి వెనక్కి తియ్!" అని అరిచాడు. "మాకు తెలుసులే" అని బస్సులో సగం మంది జవాబిచ్చారు.

కాన్పుల గదిలో డ్యూటీలో ఉన్నామె నాతోపాటు ట్రైనింగు అయిన మనిషే. "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?" అని అడిగింది. నేను నోటుబుక్కు ఇచ్చాను. రెండు పేజీలు తిప్పి, "ఎవరు రాశారిది? మన ట్రైనింగు పిల్లలు కూడా ఇంత బాగా రాయరే" అంది. తర్వాత తల ఎత్తింది. "తెల్లవారుజాము నుంచి ఇంత లెక్కగా ఉంటే ఇంతసేపు ఏం చేశారు?"

నేను పోయి ఆ పిల్ల తల పక్కన నిలబడ్డాను.

బిడ్డ తల వచ్చేసరికి మెడకు పేగు ఒక చుట్టు చుట్టుకుని ఉంది. అట్లా చుట్టుకోవడం మామూలే, ఆ డ్యూటీ నర్సు వేలితో తప్పించింది. కానీ బిడ్డ వెంటనే ఏడవలేదు. వీపు రుద్దారు, నోట్లో తేమ తీశారు. నేను బిడ్డ ముఖమే చూస్తున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. నిమిషం కూడా అయి ఉండదు. మూడుగంటలకు నేను ఆ కడుపు మీద చెయ్యి పెట్టిన నిమిషం ఎంత పొట్టిగా గడిచిందో, ఇది అంత పొడుగ్గా సాగింది. ఆఖరికి బిడ్డ ముఖం చిట్లించి, నా మీద కోపమంతా తీర్చుకుంటున్నట్టు కెవ్వుమంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మాయ కూడా పూర్తిగా పడిందని ఆమె చెప్పాకనే బయటికి వచ్చాను.

ఆవరణలో బస్సు అట్లాగే ఉంది. ఒక్కరు కూడా పోలేదు. వేరుశనగ చెక్క పెద్దాయన బస్తా మీద కూర్చుని, "ఏం బిడ్డమ్మా?" అని అందరికన్నా ముందు అడిగాడు. ఆడబిడ్డ అన్నాను. ఏదో తన సొంత మనవరాలైనట్టు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "సరే, ఇంగ నన్ను మావూర్లో దించండి" అన్నాడు.

ఆ రోజు తర్వాత నా సర్వీసు ఇంకో పదేళ్లకు పైగా సాగింది. కుప్పం తాడు అరిగిపోతే కొత్త తాడు కట్టుకున్నాను, గాజులు మార్చుకున్నాను, పాఠం మాత్రం మారలేదు. ఎవరొచ్చి నొప్పి అన్నా గడియారానికి వీపు పెట్టి కూర్చుని కడుపు మీద చెయ్యి వేసేదాన్ని. నా వల్ల చాలా బస్సులు తప్పాయి. మీకు చెప్పేది కూడా అంతే. మొగుడు చీటీ మీద టైములు రాసుకొస్తే నవ్వకండి, ముందు చదవండి. కాబోయే తండ్రులారా, మీరు రాయడం మానకండి, నర్సు కసిరినా సరే.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తాను. అతను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాసుకుంటున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. అతను లేవబోతే వద్దన్నాను. పుస్తకంలో ఆఖరి వరుస కనిపించింది. "ఆడబిడ్డ. రాక 5.02." పోక గడిలో అడ్డగీత కొట్టాడు. ఆ గీతను రెండుసార్లు దిద్దాడు. పక్కన, నొప్పుల పేజీలో అంతవరకూ లేని గడి ఒకటి కొత్తగా గీశాడు. పైన "లేటుకు కారణం" అని ఉంది. లోపల ఖాళీ.

"అది రాయలేదేమప్పా?" అన్నాను.

అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "అలవాటుగా గీసినానమ్మా. ఆ గడి నేను రాసేది గాదు."

నేను చెయ్యి చాపాను. అతను నీలం పెన్ను ఇవ్వబోయాడు. ఎర్రది అడిగాను. వంగి, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాశాను. "నర్సు ఒక్క నిమిషమే చూసినది." కింద సంతకం చేశాను. సర్వీసంతా వందల రిపోర్టులు రాశాను. పైవాళ్లు అడక్కుండా నేను నిజం రాసిన రిపోర్టు అదొక్కటే అనుకుంటాను.

అతను దాన్ని ఒకసారి చదువుకున్నాడు. గడియారం చూసి, సంతకం పక్కన టైము వేశాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా ముఖంలోకి చూడలేక పుస్తకం వైపే చూస్తూ, ఆ మీసాల డ్రైవర్లందరితో అనే మాటే నాతోనూ మెల్లగా అన్నాడు.

"సరేమ్మా. రేపన్నా టైముకు రండి."